ఈ తాళం ఎవరిది?

ముప్పై ఏళ్ళు కరెంటుని వాసన పట్టి పనిచేసినోణ్ణి.
ఆటోనగర్ రేకుల షెడ్డుల్లో,
మల్కాపురంలో ఉప్పుగాలి తినేసిన జంక్షన్ బాక్సుల్లో
వేలి వెనకభాగం తాకించి
బతికుందో చచ్చిందో చెప్పేసేవాణ్ణి.
కాగితం అడిగినోడు లేడు.

ఇప్పుడు గేటు దగ్గర సెక్యూరిటీ కుర్రాడు
"కార్డేదీ బాబాయ్?" అంటాడు.
అందుకే యాభై మూడో ఏట
గాజువాకలో, టైర్ల కొట్టు మీది మేడలో,
ఒక కాలు పొట్టిదైన ప్లాస్టిక్ కుర్చీలో
ఒళ్ళో అట్ట పెట్టుకుని కూర్చున్నాను.

పాఠం చెప్పే ధనలత మేడం
నా రెండో కూతురి ఈడు.
మొదటి మాటే అదోలా అంది:
"చచ్చిన తీగ అంటూ ఏదీ లేదు.
చచ్చిందని మీరు రుజువు చేసేదాకా
అది బతికే ఉంది."
వెనక వరసలో కుర్రాళ్ళు నవ్వారు.
నేనూ నవ్వాను,
తీగలతో కాపురం చేసినోడికి చెబుతోందని.

రెండో రోజు రబ్బరు బొమ్మ.
రొమ్ము మీద రెండు చేతులూ వేసి
అయిదు సెంటీమీటర్లు దిగేలా నొక్కాలట,
నిమిషానికి నూరుకి తగ్గకుండా.
సరిగ్గా నొక్కితే బొమ్మ లోపల టిక్కుమంటుంది.
ఎర్రినాయుడి చుట్టూ ఆ రోజు
పదకొండు మందిమి.
అరికాళ్ళు రుద్దాం.
నోట్లో నీళ్ళు పోశాం.
ఎవడో ఇసకలో పాతమన్నాడు.
ఈ టిక్కు ఒక్కడికీ తెలీదు.

మూడో రోజు బల్ల మీద పెట్టింది
ఎర్ర తాళం. ఒకటే చెవి.
"స్విచ్చు దించండి. తాళం వెయ్యండి. చీటీ కట్టండి.
చెవి మీ జేబులో ఉండాలి.
సూపర్‌వైజరొచ్చినా, ఓనరే వచ్చినా
వేసినోడే తియ్యాలి."
అరచెయ్యంత కూడా లేదు.
ఖరీదెంతని అడిగాను.
నూట ఎనభై రూపాయలు.

నూట ఎనభై.

ఆ రోజు పంపుహౌసులో ఎర్రినాయుడు ప్యానెల్ వెనక.
నేను ముందు.
ఫోనులో సూపర్‌వైజరు "ఏటింకా? లైనెత్తీండి" అన్నాడు.
"అయిపోనాదా?" అని కేకేశాను.
పక్క షెడ్డు గ్రైండర్ల హోరులో
"ఆ" అన్నట్టు వినబడింది.
అన్నాడో, అనలేదో.
పోలీసులకి అన్నాడనే చెప్పాను.
రిపోర్టులో మానవ తప్పిదమని రాశారు,
ఏ మానవుడో రాయలేదు.

వాడి పెళ్ళాం నూకాలు
పూర్ణా మార్కెట్లో ఎండుచేపలమ్ముతుంది.
నన్ను చూస్తే తూకం మీద
రెండు ఎక్కువేస్తుంది.
ఆ రెండూ నాకు గొంతు దిగవు.

పరీక్షలో చీటీ నింపమన్నారు.
పేరు, తేదీ, ఎందుకు ఆపారు.
పెన్ను తనంతట తనే రాసేసింది
బోని ఎర్రినాయుడు అని.
"ఇది మీ పేరు కాదు కదా పోలయ్యగారూ?"
కాదమ్మా, అన్నాను.
ఇంకేమీ అడగలేదు.
కొత్త చీటీ ఇచ్చింది.
రెండు మార్కులు మాత్రం కోసేసింది.
అదీ నాకు నచ్చింది.

కార్డొచ్చింది. ఫోటోలో కళ్ళు మూసుకున్నాను.
రెండేళ్ళే చెల్లుతుంది, ఆ తర్వాత మళ్ళీ ఆ కుర్చీ.
సింధియా బస్సులో దాన్ని తిప్పి చూశాను,
వెనక బ్లడ్ గ్రూపు తప్ప ఏమీ లేదు.

సోమవారం పెద్ద మోటారు దగ్గర
స్విచ్చు దించాను. తాళం వేశాను. చీటీ కట్టాను.
చెవి బీడీకట్ట పక్కన పడేసుకున్నాను.
టెస్టరుని పక్కనున్న బతికున్న లైను మీద పెట్టాను, వెలిగింది.
ఆపిన లైను మీద, వెలగలేదు.
మళ్ళీ బతికున్నదాని మీద, వెలిగింది.
టెస్టరూ అబద్ధమాడొచ్చు,
సాక్షిలాగే.

పదకొండున్నరకి ప్యానెల్ అవతల్నించి కేక:
"ఎవడిదిరా ఈ తాళం? తీండి, లేటైపోతన్నాది!"
నడుం వంచి ఉన్నాను,
మోచేతుల దాకా రాగిలో.
"నాదే" అన్నాను.
గ్రైండర్లు మోగుతున్నాయి.
వినబడకపోయినా ఫర్వాలేదు.
అయినా గట్టిగా మళ్ళీ అన్నాను,
"నాదే. కారి పోలయ్యది."